మా అబ్బాయి సీసాలో ఏముందో రాసివ్వండి

కర్ణాటక ఆరోగ్య కుటుంబ సంక్షేమ శాఖ అధికారులకు,
బెంగళూరులో ముక్కు, కంటి, అలర్జీ వైద్యం చేస్తున్న డాక్టర్లకు,

నమస్కారం. మాది హిందూపురం. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి పదహారేళ్లుగా కె.ఆర్.పురంలో ఉంటున్నాం. నేను ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు చూస్తాను. మా అత్తగారికి శుక్లాలు తీసి చూపు తెప్పించింది ఈ ఊరి డాక్టర్లే. మా తమ్ముడి కూతురు నెలలు నిండకముందే పుడితే బతికించిందీ ఈ ఊరి డాక్టర్లే. మీ వృత్తి మీద గౌరవం ఉంది కాబట్టే ముందు విడిగా, మర్యాదగా అడిగాను. మా అబ్బాయి అలర్జీకి సూదులు వేసి మధ్యలో వదిలేసిన క్లినిక్‌కి రెండు ఉత్తరాలు రాశాను. ఫిర్యాదు తీసుకోవాల్సిన చోట ఫిర్యాదు ఇచ్చాను, ఆ తర్వాత రెండుసార్లు గుర్తు చేశాను. 2024 డిసెంబరులో ఫిర్యాదుకు ఒక నంబరు ఇచ్చారు. ఈ రోజు వరకు ఆ నంబరు తప్ప ఇంకేమీ రాలేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

జరిగింది చెబుతాను.

మా అబ్బాయికి ఎనిమిదో ఏట నుంచి తెల్లవారితే తుమ్ములు. మంచం దిగకముందే పది, పదిహేను తుమ్మేవాడు. ముక్కు దిబ్బడ వల్ల నోరు తెరుచుకుని నిద్రపోయేవాడు. కళ్లు ఎర్రబడి, దురదకు ఓర్చుకోలేక పిడికిళ్లతో నలుపుకునేవాడు. చలికాలం దాటి ఎండలు మొదలయ్యే రోజుల్లో మరీ ఎక్కువ. మన ఇళ్లలో దీన్ని జబ్బుగా లెక్కపెట్టరు. "వాడికి దుమ్ము పడదు" అనేసి ఊరుకుంటాం. నేనూ మూడేళ్లు అలాగే ఊరుకున్నాను. సిట్రిజిన్ బిళ్ల, ముక్కులో స్ప్రే, మెడికల్ షాపులో పాత చీటీ చూపించి తెచ్చిన కంటి చుక్కలు, వీటితోనే నెట్టుకొచ్చాం. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉందని నాకు తెలియదు. కళ్లజోడు నంబరు చూపించుకుందామని వెళ్తే, ఒక కంటి డాక్టరమ్మ ఒత్తిడి కొలిచి, "ఈ చుక్కలు ఎన్ని నెలల నుంచి వేస్తున్నారు?" అని అడిగారు. కంటి ఒత్తిడి పెరిగి ఉంది. ఆవిడ ఆ రోజు అడగకపోయుంటే ఇంకెన్నాళ్లు వేసేవాళ్లమో. ఆవిడే మొదటిసారి నాకు ఇమ్యునోథెరపీ అనే మాట చెప్పారు.

ఆ మాట ఇంట్లో చెప్పగానే మా ఆయన ముఖం పాలిపోయింది. టీవీలో ఆ పేరు క్యాన్సర్ వైద్యం గురించే విన్నాడు. ఇది వేరే. మనకు పడని వస్తువునే అతి తక్కువ మోతాదులో మొదలుపెట్టి, మెల్లగా పెంచుకుంటూ పోయి, శరీరం దాన్ని శత్రువులా చూడటం మానేసేలా చేస్తారు. చర్మం కింద సూదిగా అయినా ఇస్తారు, నాలుక కింద చుక్కలుగానో బిళ్లగానో అయినా ఇస్తారు. సిట్రిజిన్ లాంటి బిళ్ల ఆ రోజుకు తుమ్ములు ఆపుతుంది, మానేస్తే మళ్లీ మొదలు. ఈ వైద్యం మాత్రం సరిగ్గా, పూర్తిగా చేయించుకుంటే ఆపేశాక కూడా కొన్నేళ్లు పనిచేస్తుంది.

ఇదేమీ నిన్న మొన్న పుట్టింది కాదు. 1911లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లెనార్డ్ నూన్ అనే డాక్టరు గడ్డి పుప్పొడి పడనివాళ్లకు ఆ పుప్పొడి సారాన్నే సూదిగా ఇచ్చాడు. గుణం కనిపిస్తోందో లేదో తెలుసుకోవడానికి కంట్లో పుప్పొడి చుక్క వేసి, ఎంత బలమైన చుక్కకు కన్ను ఎర్రబడుతోందో కొలిచాడు. 1913లో ఆయన క్షయతో చనిపోతే సహచరుడు జాన్ ఫ్రీమన్ ఆ పని కొనసాగించాడు. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అలర్జీకి సరైన చికిత్సగా గుర్తిస్తూ పత్రం వెలువరించింది. మన దేశంలోనూ ఈ వైద్యం ఎలా చేయాలో అలర్జీ నిపుణులు 2009లో మార్గదర్శకాలు రాసుకున్నారు, 2017లో వాటిని సవరించారు. అంటే ఎలా చేయాలో మీకు తెలియక కాదు. నా ఫిర్యాదు అంతా అక్కడే ఉంది.

2023 ఆగస్టు 19న ఒక క్లినిక్‌లో మా అబ్బాయికి చర్మపు పరీక్ష చేశారు. ముంజేతి మీద వరసగా చుక్కలు పెట్టి, సన్నగా గుచ్చి, ఇరవై నిమిషాలు ఆగి చూశారు. ఇంటి దుమ్ములో ఉండే డస్ట్ మైట్ అనే సూక్ష్మమైన పురుగు, వయ్యారిభామ అనే కలుపు మొక్క పుప్పొడి, ఈ రెండింటికీ దద్దు బాగా లేచింది. ఇంకొన్నింటికి కొంచెం లేచింది. మందు సీసాలు తెప్పించి వారానికొక సూది మొదలుపెట్టారు. వాడికి అప్పుడు పదకొండేళ్లు. వారానికొకటి పద్దెనిమిది, పదిహేను రోజులకొకటి నాలుగు, ఆపైన నెలకొకటి ఎనిమిది, మొత్తం ముప్ఫై సూదులు. పరీక్షకు 6,500 రూపాయలు, సీసాలకు 27,500, సూది వేసినందుకు ఒక్కోసారి 200 చొప్పున 6,000. మొత్తం 40,000. ఆటో ఖర్చులు, నేను పెట్టిన సెలవులు ఇందులో కలపలేదు.

పనిచేసింది. ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతాను. తొమ్మిదో నెల వచ్చేసరికి రాత్రిళ్లు కళ్లు నలుపుకోవడం మానేశాడు. పదో నెలలో స్ప్రే అవసరం సగానికి తగ్గింది. ఉదయం లేచి మామూలుగా పలకరించే పిల్లవాణ్ణి మూడేళ్ల తర్వాత చూశాను.

పద్నాలుగో నెలలో, 2024 అక్టోబరులో, సూదికి వెళ్తే క్లినిక్ షట్టర్ దించి ఉంది. ఫోన్ ఎత్తలేదు. వారం తర్వాత, వేరే ఊరికి మారిపోయామని మెసేజ్ వచ్చింది. మా దగ్గర మిగిలింది ఫ్రిజ్‌లో సగం ఖాళీ అయిన ఒక సీసా. దాని మీద మా అబ్బాయి పేరు, "మెయింటెనెన్స్" (మోతాదు పెంచడం అయ్యాక నిలకడగా ఇచ్చేది) అనే మాట, 1:50 అనే అంకె. ఎవరు తయారు చేశారో లేదు, బ్యాచ్ నంబరు లేదు, గడువు తేదీ లేదు, లోపల ఏమేం కలిపారో లేదు. పరీక్ష ఫలితం కాగితం అడిగితే ఫైల్లో ఉందని అప్పుడే చెప్పారు కానీ చేతికి ఇవ్వలేదు.

ఆ సీసా పట్టుకుని ముగ్గురు డాక్టర్ల దగ్గరికి వెళ్లాను. ముగ్గురూ ఒకే మాట చెప్పారు. ఏముందో తెలియని మందు మేము వేయలేం, మళ్లీ పరీక్ష చేసి మొదటి నుంచి మొదలుపెట్టాలి. వాళ్లను తప్పుపట్టను. వాళ్ల చోట నేనున్నా అలాగే చెప్పేదాన్ని. మళ్లీ డబ్బు కూడబెట్టేలోపు ఎండలు వచ్చేశాయి, వాడి కళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి.

ఇది మా ఒక్క ఇంటి గోడు అయితే బహిరంగంగా రాసేదాన్ని కాదు. మా అపార్ట్‌మెంట్‌లో, మా ఆఫీసులో, మా బంధువుల్లో అడిగితే ఇలాంటి కథ ఏదో ఒకటి వినిపించని ఇల్లు లేదు. వీటివల్ల మామూలు మనుషులకు ఏమవుతోందో రాస్తున్నాను.

1. మధ్యలో ఆగిపోయిన కోర్సు డబ్బును, కాలాన్ని రెంటినీ మింగేస్తుంది. గడ్డి పుప్పొడి ఇమ్యునోథెరపీ మూడు, నాలుగేళ్లు తీసుకున్నవాళ్లకు ఆపేశాక కనీసం మూడేళ్లు ఆ మేలు నిలిచిందని 1999లో ఇంగ్లండ్ డాక్టర్లు చూపించారు. అదే రెండేళ్లకే ఆపేస్తే, ఆపిన ఏడాదికే మేలు నిలవలేదని 2017లో వచ్చిన మరో పరిశోధన తేల్చింది. అందుకే మూడు నుంచి ఐదేళ్లు అంటారు. ఈ సంగతి మాకు మొదటి రోజు ఎవరూ చెప్పలేదు. "ఒక ఏడాది చూద్దాం" అన్నారు. ఏడాదికి డబ్బు సర్దుకుని దిగినవాళ్లు రెండో ఏడాది ఆపేసి, "ఆ సూదులు దండగ" అని పదిమందికి చెబుతారు. వాళ్లు మోసం చేయడం లేదు, వాళ్లకు జరిగింది అదే. కానీ ఆ మాట విని, నిజంగా బాగుపడాల్సిన పిల్లలు ఈ వైద్యం గడప తొక్కరు.

2. సూది తర్వాత అరగంట కూర్చోబెట్టకపోతే ప్రాణం మీదికి రావచ్చు. మూడో నెలలో కొత్త, బలమైన సీసా తెరిచిన రోజు క్లినిక్‌లో రద్దీగా ఉందని ఐదు నిమిషాలకే మమ్మల్ని పంపేశారు. స్కూటర్ మీద టిన్ ఫ్యాక్టరీ కూడలి దాకా వచ్చేసరికి వెనక కూర్చున్న వాడు ఆగకుండా దగ్గడం మొదలుపెట్టాడు. బండి ఆపి చూస్తే చెవులు ఎర్రగా కందిపోయి, మెడంతా దద్దుర్లు. వెనక్కి తిప్పుకుని వెళ్లాను. అలర్జీకి వేసే అవిల్ ఇంజెక్షన్ వేశారు, స్టెరాయిడ్ వేశారు. ఇలాంటప్పుడు ముందు వేయాల్సింది తొడ కండరానికి అడ్రినలిన్ అని తర్వాత వేరే డాక్టరు చెబితే తెలిసింది. అది ఆ రోజు అక్కడ లేదు. పక్కనున్న ఆసుపత్రికి పరుగెత్తితే అక్కడ వేశారు, గంటలో కుదుటపడ్డాడు. ఆ గంట నేను ఎలా గడిపానో రాయలేను. అడ్రినలిన్ ఖరీదైన మందూ కాదు, దొరకని మందూ కాదు. 1986లో బ్రిటన్‌లో మందుల భద్రతా సంఘం లెక్క తీస్తే, 1957 నుంచి అప్పటివరకు ఈ సూదుల వల్ల 26 మంది చనిపోయారని తేలింది. వాళ్లలో ఆస్తమా ఉన్నవాళ్లు చాలామంది. ఆ లెక్క బయటపడ్డాక ఆ దేశంలో మామూలు డాక్టర్లు ఈ వైద్యం దాదాపు మానేశారు. జాగ్రత్త తప్పితే రోగులతో పాటు ఆ వైద్యం మీద నమ్మకం కూడా పోతుందని చెప్పడానికే దీన్ని గుర్తు చేస్తున్నాను. భయపెట్టడానికి కాదు. ఆస్తమా అదుపులో లేనివాళ్లకు మొదలుపెట్టకుండా, ప్రతి సూదికీ ముందు "ఈ వారం ఆయాసం వచ్చిందా, జ్వరం వచ్చిందా" అని అడిగి, తర్వాత అరగంట కళ్లముందు కూర్చోబెడితే పెద్ద ప్రమాదాలు చాలా అరుదు.

3. ఈ వైద్యం ఉందనే తెలియక చాలామంది తాత్కాలిక మందులతోనే ఏళ్లు గడుపుతున్నారు. మా తమ్ముడు ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతాడు. మెడికల్ షాపులో ఇచ్చే పాత రకం జలుబు బిళ్ల వేసుకుంటే తుమ్ములు ఆగుతాయి, నిద్ర ముంచుకొస్తుంది. అర్ధరాత్రి హెబ్బాళ ఫ్లైఓవర్ మీద కునుకు పట్టి రెండుసార్లు తప్పించుకున్నాడు. మా కింది ఫ్లోర్ ఆవిడ ముక్కు దిబ్బడకు వేసే చుక్కలు రెండేళ్లుగా వదలడం లేదు. అవి ఐదు రోజులు దాటి వేస్తే ముక్కు ఇంకా బిగుసుకుపోతుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. పిల్లలకు నెలల తరబడి మాంటెలుకాస్ట్ అనే అలర్జీ బిళ్లలు వేస్తున్న ఇళ్లు నాకు నాలుగు తెలుసు. మనసు మీద, నిద్ర మీద ఆ మందు ప్రభావం చూపవచ్చని, కేవలం ముక్కు అలర్జీకైతే వేరే మందులు పనిచేయనప్పుడే వాడాలని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక పెట్టింది. ఆ నాలుగు ఇళ్లలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు.

4. కళ్ల దురదను ఎవరూ పట్టించుకోవడం లేదు. ముక్కు డాక్టరు ముక్కు చూస్తారు, కళ్ల డాక్టరు చుక్కలు రాస్తారు. రెండూ ఒకే జబ్బు అని కలిపి చెప్పేవాళ్లు తక్కువ. పిల్లలు ఏళ్ల తరబడి కళ్లు గట్టిగా నలుపుకుంటే కార్నియా, అంటే నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర, పలచబడి ముందుకు పొడుచుకురావడానికి అది దోహదం చేస్తుంది. పర్యవేక్షణ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు వాడితే ఒత్తిడి పెరిగి కంటి నరం దెబ్బతినవచ్చు, చిన్న వయసులోనే శుక్లాలు రావచ్చు. తుమ్ము అయితే పక్కవాళ్లకు వినిపిస్తుంది, కంట్లో పెరిగే ఒత్తిడి ఎవరికీ కనిపించదు.

5. భాష. సంతకం పెట్టమని ఇచ్చిన కాగితం ఇంగ్లిషులో ఉంది. నేను డిగ్రీ చదివాను, తంటాలు పడి చదువుకున్నాను. మా పనమ్మాయిది మదనపల్లె పక్క పల్లె, ఆమె కూతురికీ ఇదే జబ్బు. ఆమె ఏం చదువుతుంది? తెలుగు, కన్నడ, తమిళం, ఉర్దూ, హిందీ మాట్లాడేవాళ్లతో నిండిన ఊరు ఇది. పిల్లవాడికి ఆయాసం వస్తే ఏం చేయాలో చెప్పే రెండు వాక్యాలు తల్లికి తన భాషలో ఉండాలి.

డాక్టర్లను ఒక విషయంలో అర్థం చేసుకోవాలని రోగుల వైపు వాళ్లకూ చెబుతాను. ఈ వైద్యం అందరికీ కాదు. మెట్రో పనుల దుమ్ము, డీజిల్ పొగ ముక్కును రేపుతాయి కానీ అవి అలర్జీ వస్తువులు కావు, వాటికి సూది లేదు. ప్రతి వసంతంలో రోడ్ల పక్కన గులాబీ రంగు పూలు విరగబూస్తే అందరం ఆ చెట్లనే తిడతాం. వాటి పుప్పొడి బరువైనది, తేనెటీగలు మోసుకెళ్లాలి, గాలిలో పెద్దగా ఎగరదు. నిజంగా ముక్కులోకి వచ్చేది కంటికి అందంగా కనిపించని గడ్డి, తోటకూర జాతి మొక్కలు, సర్కారు తుమ్మ, వయ్యారిభామ పుప్పొడి. పరుపులో, దిండులో ఉండే డస్ట్ మైట్ అసలు కంటికే కనిపించదు. పరీక్షలో దద్దు లేచినంత మాత్రాన అదే కారణమని కూడా కాదు. ఆ వస్తువు దగ్గరికి వెళ్లినప్పుడు, ఆ కాలంలో, నిజంగా బాధ వస్తోందా అని సరిచూడాలి. ఆ సరిచూడటానికి డాక్టరుకు పావుగంట మాట్లాడే తీరిక కావాలి. ఒక సీసాలో పదిహేను రకాలు కలిపేస్తే దేని మోతాదూ చాలదు. బూజు, బొద్దింకల సారంలో ఉండే ఎంజైములు పక్కనున్న పుప్పొడి సారాన్ని పాడుచేస్తాయి కూడా. మా అబ్బాయి సీసాలో ఎన్ని కలిపారో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఇప్పుడు మేము అడుగుతున్నవి.

1. ప్రతి రోగి చేతికి ఒక పేజీ ఇవ్వండి. చర్మపు పరీక్షలో ఏ వస్తువుకు ఎన్ని మిల్లీమీటర్ల దద్దు లేచింది, సీసాలో ఏమేం ఎంతెంత కలిపారు, తయారు చేసిన కంపెనీ, బ్యాచ్ నంబరు, గడువు, ఏ తేదీన ఎంత మోతాదు వేశారు, వేశాక ఏమైంది. సూది వేసిన ప్రతిసారీ ఆ పేజీలో ఒక గీత నింపి సంతకం పెట్టండి. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. పిల్లల టీకాల కార్డు మన ఆరోగ్య కార్యకర్తలు ఎన్నో ఏళ్లుగా నింపుతున్నారు. ఆ కార్డు పట్టుకుని తల్లి ఏ ఊరికి వెళ్లినా తర్వాతి టీకా ఆగదు. మా ఇంట్లో వాడి పోలియో చుక్కల కార్డు పదమూడేళ్లుగా భద్రంగా ఉంది. 40,000 పోసిన వైద్యానికి మాత్రం చిన్న కాగితం ముక్క కూడా లేదు.

2. రికార్డులు భద్రపరిచే కాలాన్ని చివరి డోసు నుంచి లెక్కపెట్టండి. వైద్య వృత్తి ప్రవర్తన గురించిన 2002 నాటి నిబంధనల ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు భద్రపరచాలి. మాలాగా ఆసుపత్రిలో చేరకుండా సూదులు వేయించుకునేవాళ్ల మాట ఆ మూడేళ్ల నిబంధనలో లేదు. మూడు నుంచి ఐదేళ్లు సాగే వైద్యానికి అదే లెక్క పెట్టినా, మొదలైన రోజు నుంచి మూడేళ్లంటే చికిత్స నడుస్తుండగానే కాగితాలు పారేయవచ్చన్నమాట. క్లినిక్ మూసేసినా, మారినా, ముందుగా తెలియజేసి ప్రతి రోగికీ వాళ్ల కాగితాలు, మిగిలిన మందు వివరాలు అప్పగించాకే మూసేలా చూడండి.

3. అలర్జీ సూదులు వేసే ప్రతి చోటా అడ్రినలిన్, దాన్ని వేయడం వచ్చిన మనిషి, రోగి అరగంట కూర్చునే చోటు, ఈ మూడూ ఉన్నాయో లేవో అధికారులు స్వయంగా వెళ్లి చూడండి. లేనిచోట సూదులు ఆపించండి. నాలుక కింద చుక్కలు ఇంట్లో వేసుకోవచ్చు, నిజమే. మొదటి డోసు మాత్రం డాక్టరు ఎదుటే వేయాలి.

4. మొదలుపెట్టే ముందు పూర్తి మాట చెప్పండి. ఎన్నేళ్లు, మొత్తం ఎంత ఖర్చు, ఎప్పటికి గుణం కనిపించవచ్చు, ఏ బాధ పోదు. సరైన మోతాదులో ఏడాది గడిచినా మార్పు లేకపోతే ఆపేస్తామని కూడా చెప్పండి. బీపీకి బీటా బ్లాకర్ బిళ్లలు వేసుకుంటున్నారా, గర్భం ఉందా అని అడగండి. గర్భంతో ఉన్నవాళ్లకు కొత్తగా మొదలుపెట్టకూడదు.

5. సీసా మీద 1:50 అని రాస్తే రోగికే కాదు, వేరే డాక్టరుకు కూడా దాని బలం తెలియదు. ఎంత పొడిని ఎంత ద్రవంలో నానబెట్టారో చెప్పే అంకె అది. అందులో పనిచేసే అలర్జీ ప్రోటీను ఎంతుందో చెప్పదు. రెండు కంపెనీల 1:50 సీసాల బలం ఒకటే కానక్కర్లేదు. ఈ సారాల బలాన్ని ఒకే కొలతతో ముద్రించేలా కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులకు రాష్ట్రం తరఫున రాయండి. డాక్టర్ల సంఘాలు కూడా రాయండి, రోగులు రాస్తే నంబరు ఇచ్చి ఊరుకుంటారు.

6. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అలర్జీ క్లినిక్ ఏ రోజు, ఏ గదిలో, అక్కడ చర్మపు పరీక్ష చేస్తారా లేదా అనే వివరాలు బోర్డు మీద కన్నడతో పాటు ఇక్కడి వాళ్లు చదవగలిగే భాషల్లో పెట్టండి. పరీక్ష లేనిచోట మొదలుపెట్టండి. మా పనమ్మాయి 6,500 రూపాయలు ఒక్కసారిగా తేలేదు. తేవాలంటే అప్పు చేయాలి.

7. ఆరోగ్య బీమా. మా పాలసీ వాళ్లు ఒక్క వాక్యంలో కాదన్నారు. ఆసుపత్రిలో చేర్చలేదు కాబట్టి ఇవ్వం అన్నారు. ఈ వైద్యంలో ఎవరూ ఆసుపత్రిలో చేరరు, చేరాల్సిన అవసరం రాకుండా చేయడమే దీని పని. ముక్కు అలర్జీ ఉన్న పిల్లలకు పుప్పొడి ఇమ్యునోథెరపీ ఇస్తే తర్వాత ఆస్తమా వచ్చే అవకాశం తగ్గిందని యూరప్‌లో పిల్లలను పదేళ్లు గమనించి 2007లో ప్రచురించారు. రేపు ఆస్తమాతో చేరితే లక్ష ఇస్తారు, ఈ రోజు దాన్ని ఆపే సూదికి 200 ఇవ్వరు. బీమా నియంత్రణ సంస్థతో రాష్ట్రం మాట్లాడాలి.

8. ఖాళీ సైట్లలో వయ్యారిభామను పూత రాకముందే పీకించండి. ఈ ఊరివాళ్లు కాంగ్రెస్ గిడ అంటారు. బెంగళూరులో దీని పుప్పొడి వల్ల ఎంతమంది ముక్కు జబ్బుతో బాధపడుతున్నారో ఇక్కడి పరిశోధకులు 1991లోనే రాశారు. దాన్ని తినే పెంకు పురుగును మెక్సికో నుంచి తెచ్చి 1984లో ఈ ఊళ్లోనే వదిలారు. అయినా మా వీధి చివరి సైటులో నడుము ఎత్తు పెరిగి పూస్తూనే ఉంది. పీకే కార్మికులకు చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు ఇవ్వండి, ఆ చెట్టు తగిలితే వాళ్ల చర్మం కూడా పుండ్లు పడుతుంది. గాలి నాణ్యత సూచీలో ఎనిమిది కాలుష్యాలు లెక్కిస్తారు, అందులో పుప్పొడి లేదు. చండీగఢ్‌కు ఏ నెలలో ఏ పుప్పొడి ఉంటుందో చెప్పే క్యాలెండర్ తయారు చేశారు. బెంగళూరుకూ అలాంటిది తయారు చేసి, ప్రతి ఏడాదీ సరిచూసి, ప్రజలకు అందేలా ప్రకటించండి. ఏ నెలలో మందు ముందుగా మొదలుపెట్టాలో తల్లులకు తెలుస్తుంది.

వీటిలో మొదటిదానికీ నాలుగోదానికీ ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు. ఈ ఉత్తరం చదివిన డాక్టరు రేపు ఉదయం నుంచే చేయవచ్చు. ఆ ఒక పేజీ నమూనా నేనే తెలుగులో, కన్నడలో తయారు చేశాను. అడిగిన ప్రతి క్లినిక్‌కీ ఇస్తాను. ఇద్దరు డాక్టర్లు తీసుకున్నారు, వాళ్లకు నా నమస్కారాలు.

మా అబ్బాయికి ఇప్పుడు పద్నాలుగు నడుస్తోంది. డబ్బు సర్దుకున్నాం, మళ్లీ పరీక్ష చేయించబోతున్నాం. పాత కాగితాలు దొరికితే, ఏ మోతాదుకు వాడికి దద్దుర్లు వచ్చాయో కొత్త డాక్టరుకు తెలుస్తుంది, ఈసారి ఆ మోతాదు దగ్గర జాగ్రత్తపడతారు. అందుకే తేదీ మళ్లీ రాస్తున్నాను. వాడి చికిత్స మొదలైంది 2023 ఆగస్టు 19న. ఆ మూడేళ్ల లెక్క మాకూ పెట్టినా, 2026 ఆగస్టు 19తో అది ముగుస్తుంది. ఆలోగా ఆ ఫైలు మా చేతికి ఇప్పించండి. నా ఫిర్యాదు నంబరు మీ దగ్గరే ఉంది.

ఇట్లు,
ఒక తల్లి,
కె.ఆర్.పురం, బెంగళూరు